సెక్యూరిటీ దగ్గర పారేయించిన నన్నారి.. ఆ డ్రమ్ములో సరుకంతా పులియబెడితే ఏమవుద్ది?

కావలి_కుర్రోడు
సెలవు అయిపోయి మొన్న డల్లాస్ తిరిగొచ్చేటప్పుడు మా అమ్మ నన్నారి పాకం కాచి, ముప్పావు లీటరు బాటిల్లో పోసి, మూత మీద కవరు చుట్టి రబ్బరు బ్యాండు వేసి చేతి బ్యాగులో పెట్టింది. సూట్‌కేసులు రెండూ ఊరగాయలతో 23 కిలోలు దాటి మూత పడక, మా నాన్న వాటి మీద కూర్చుని జిప్పు వేశాడు, ఇంక వాటిలో చోటెక్కడిది. ఎయిర్‌పోర్టు పేరెందుకులే గానీ, ఎక్స్‌రేలో బ్యాగు ఆగింది, ఆయన బాటిల్ తీసి చూసి "100 ఎంఎల్ దాటింది సార్, పారేయండి" అన్నాడు. ఇది షర్బత్ సామీ, మా అమ్మ చేసింది, కావాలంటే మీ ముందరే తాగుతానన్నా. పక్కకి జరిగి ఎంత కావాలంటే అంత తాగండి అన్నాడు. పాకాన్ని నీళ్లు లేకుండా ఎవడు తాగుతాడబ్బా!

పక్కన నీలం డ్రమ్ము ఉంది. లోపల చూస్తే కూల్ డ్రింకులు, మామిడి రసం, మజ్జిగ ప్యాకెట్లు, కొబ్బరి నీళ్లు, ఎవరిదో పిలకాయల పాల సీసా, అన్నీ కలిసి ఒక రంగు. నాది కూడా అందులోనే బొళబొళా పోయింది. విమానంలో కూర్చున్నాక ఒకటే ఆలోచన, ఆ డ్రమ్ముకి మూత పెట్టి నాలుగు రోజులు మన ఎండలో ఉంచితే ఏం తయారవుద్ది? ఎవరైనా చదువుకున్నోళ్లు చెప్పండి.

గూడూరు_నిమ్మ
కల్లు తయారవుద్ది. పేరు "గగనకల్లు" అని పెట్టుకుందాం.

ముత్తుకూరు_రొయ్య
నీ బాధ అర్థమైంది గానీ కావలి తమ్ముడూ, ముప్పావు లీటరు ద్రవం చేతి బ్యాగులో పెట్టుకుని ఇంటర్నేషనల్ ఫ్లైట్ ఎక్కబోయావు చూడు, అది ముందు చెప్పు. 2006 నుంచీ ఉన్న రూలు ఇది. ఊరగాయ ఒక కిలో తీసి ఇంట్లో వదిలేసి పాకం సూట్‌కేసులో పెట్టాల్సింది.

కావలి_కుర్రోడు
ఆవకాయ వదిలేయమంటావా రొయ్యన్నా? మనిషివేనా నువ్వు.

పెన్నా_తీరం
హైదరాబాద్ నుంచి ఢిల్లీ పోయినప్పుడు నా లీటరు నీళ్ల బాటిల్ చూసి కూడా ఏమీ అనలేదు. మరి అదే నీళ్లు దుబాయ్ ఫ్లైట్‌కి బాంబు ఎట్టా అయ్యాయి?

టెక్సాస్_నెల్లూరోడు
పెన్నా అన్నా, నీళ్లు బాంబు అని ఎవరూ అనలా, నీళ్లో కాదో పాత మిషనుకి తెలియదు, అసలు తంటా అక్కడ. 2006 ఆగస్టు 10న లండన్‌లో కొంతమందిని పట్టుకున్నారు గుర్తుందా, అమెరికా, కెనడా పోయే విమానాలని పేల్చాలని కూల్ డ్రింక్ సీసాల్లో హైడ్రోజన్ పెరాక్సైడ్ మందు నింపి ఎక్కాలనుకున్నారు. ఆ తర్వాత కొన్నాళ్లు బ్రిటన్‌లో చేతి బ్యాగే వద్దన్నారు, పర్సూ పాస్‌పోర్టూ కూడా కనపడే కవర్లో పట్టుకుని ఎక్కారు జనం. ఆ సెప్టెంబరులో అమెరికా, నవంబరులో యూరప్ ఈ 100 ఎంఎల్ లెక్క తెచ్చాయి. ఒక్కో సీసా 100 దాటకూడదు, అన్నీ కలిపి లీటరు పట్టే పారదర్శకమైన కవర్లో పట్టాలి. మన దేశంలోంచి బయటికి పోయే విమానాలకీ అదే లెక్క.

ఇంకో తిరకాసు, లోపల ఎంత ఉందని చూడరు, సీసా ఎంతది అని చూస్తారు. 200 ఎంఎల్ సీసాలో అడుగున రెండు చెంచాలు ఉన్నా పోయినట్టే.

ఆత్మకూరు_అక్క
ఇది మాత్రం అన్యాయం. మా మరదలు కొబ్బరి నూనె సీసాలో అడుగున రవ్వంత ఉంటే దాన్నీ పారేయించారు. నూనె పోతే పోయింది, సీసా ఎందుకు పారేయాలి?

కెమిస్ట్రీ_మాస్టారు
డ్రమ్ము సంగతి అడిగారు గదా, లెక్క వేద్దాం. నవ్వుకోండి గానీ లెక్క మాత్రం అసలుది.

పులియడానికి మూడు కావాలి. ఈస్టు, అది తినేదానికి చక్కెర, నాలుగు రోజుల వెచ్చదనం. మూడోది మన జిల్లాలో మే నెలలో అడక్కుండానే దొరుకుతుంది. ఈస్టు గాల్లోనూ పండ్ల తొక్కల మీదా ఉంటుంది, తాటి కల్లుకి ఎవరూ ఈస్టు ప్యాకెట్ కలపరు గదా. ఇక మిగిలింది చక్కెర. మామూలు కోలాలో 100 ఎంఎల్‌కి దాదాపు పదిన్నర గ్రాములు ఉంటుంది. 200 లీటర్ల డ్రమ్ము నిండా కోలానే అనుకుంటే 21 కిలోల చక్కెర. అందులో బరువుకి సగం ఆల్కహాల్ అవుతుంది, మిగతా సగం కార్బన్ డయాక్సైడ్ అయి గాల్లో కలిసిపోతుంది. అంటే అన్నీ కలిసొస్తే ఆరున్నర, ఏడు శాతం సరుకు. బీరు కంటే కాస్త ఘాటు.

కానీ కలిసిరాదు. ఎందుకో రాత్రికి రాస్తా, ట్యూషన్ పిల్లలు వచ్చారు.

గూడూరు_నిమ్మ
మాస్టారు ఇంటర్వెల్ దగ్గర ఆపేశారు.

ఒంగోలు_గిత్త
21 కిలోల చక్కెర అంటే మా ఇంట్లో ఆర్నెల్లకి వస్తుంది. రోజూ అంత పారబోస్తున్నారా!

ముత్తుకూరు_రొయ్య
గిత్తా, డ్రమ్ము నిండా కోలా ఉంటే అన్నారు మాస్టారు. డ్రమ్ములో సగం నీళ్ల బాటిళ్లే ఉంటాయి. లైను చివర నిలబడి నేను చూస్తా గదా, పదిమందిలో ఆరుగురు నీళ్లే పారబోస్తారు.

అల్లూరు_తాటిముంజ
పులిసే సరుకు మీద మా ఇంటి అనుభవం ఒకటి చెప్తా. మా బావ చెన్నైలో ఉండే స్నేహితుడి కోసం తెల్లారుజాము కల్లు రెండు లీటర్ల ప్లాస్టిక్ బాటిల్లో పట్టి, మూత గట్టిగా బిగించి, బస్సులో పైన సామాను పెట్టే చోట పెట్టాడు. నాయుడుపేట దాకా బాగానే ఉంది. సూళ్లూరుపేట దాటాక బాటిల్ అడుగు ఉబ్బి గుండ్రంగా అయిందంట, నిలబెడితే నిలవడం లేదు. తడ దగ్గర మూత ఎగిరి ముందు సీటాయన బట్టతల మీద పడింది, వెనకాలే కల్లు. ఆయన శబరిమల మాలలో ఉన్నాడు. మా బావ తడలోనే దిగి ఇంకో బస్సెక్కాడు, స్నేహితుడికి ఆ కథ మాత్రమే ముట్టింది.

పెన్నా_తీరం
చచ్చిపోయా నవ్వలేక 😂 స్వామి ఏమన్నాడంట?

అల్లూరు_తాటిముంజ
అది ఇక్కడ రాస్తే మోడరేటర్ గారు తీసేస్తారు.

కెమిస్ట్రీ_మాస్టారు
ఆ బస్సులో జరిగిందే డ్రమ్ములోనూ జరుగుతుంది, మూత బిగిస్తే. గ్యాసుకి దారి వదలాలి. కావలి అబ్బాయి "మూత పెట్టి" అన్నాడు, ఎయిర్‌పోర్టులో ఆ పని చేస్తే పేలుడు అని నిజంగానే సైరన్ మోగుద్ది.

ఇంతకీ ఎందుకు కలిసిరాదంటే. ఒకటి, రొయ్య గారు అన్న నీళ్లు. సగం నీళ్లయితే చక్కెర సగానికి పడిపోయి మూడు శాతం సరుకు కూడా కష్టం. రెండు, చక్కెర లేని డైట్ డ్రింకులు, ఈస్టు వాటిని ముట్టదు. మూడు, మజ్జిగ, పాలు. వాటిలో ఉండే లాక్టోజ్‌ని మామూలు ఈస్టు తినలేదు, లాక్టిక్ బాక్టీరియా తిని పులుపు చేస్తుంది. అంటే మీకు కల్లు బదులు పుల్లటి విరిగిన పాలు దక్కుతాయి. నాలుగోది అన్నిటికంటే పెద్దది. కూల్ డ్రింక్ సీసా వెనక చిన్నక్షరాల్లో 211 అనో 202 అనో నంబర్లు చూడండి. 211 సోడియం బెంజోయేట్, 202 పొటాషియం సార్బేట్. ఈస్టు, బూజు పెరక్కుండా ఆపేదానికే వేస్తారు వాటిని, పులుపు ఉన్న డ్రింకులో ఇంకా బాగా పనిచేస్తాయి.

మరి ఆ డ్రమ్ములో పనికొచ్చే సరుకు ఏదయ్యా అంటే, కొబ్బరి నీళ్లు, మందు కలపని పండ్ల రసం, ఇంకా కావలి అబ్బాయి నన్నారి. నన్నారి పాకం సీసాలో ఉన్నంతకాలం పులవదు, చక్కెర మరీ చిక్కగా ఉంటే ఈస్టు ఒంట్లో నీరే లాగేస్తుంది, తేనె పాడవకపోయేదీ అందుకే. పదిమంది నీళ్లు కలిసి పలచబడితేనే అది పులుస్తుంది. ఆ డ్రమ్ములో అంతకు మించిన సరుకు ఇంకోటి లేదు.

కావలి_కుర్రోడు
అమ్మకి చెప్తా మాస్టారూ, నీ పాకం లేకపోతే డ్రమ్ముకి బతుకు లేదంటున్నారని.

ఉదయగిరి_చెక్కగరిటె
శానిటైజర్ సీసాలు కూడా అందులోనే పారేస్తారు గదా. ఇంక పులియబెట్టేది ఎందుకు, రెడీమేడ్ 70 శాతం. ఒక గ్లాసు ముంచుకుంటే సరి.

దర్శి_వాసి
ఈ జోకు వద్దన్నా. మాది కురిచేడు పక్కన. 2020 జులై నెలాఖరులో కరోనా కేసులని మద్యం షాపులు మూసేస్తే శానిటైజర్ తాగి పదిమందికి పైగా పోయారు, పేపర్లన్నిట్లో వచ్చింది. అందులో కొందరు అడుక్కుని బతికేవాళ్లు, కొందరు రోజుకూలీలు. నీళ్లలో కలుపుకుని తాగారు, కూల్ డ్రింకులో కలుపుకుని తాగారు. ఆల్కహాలే గదా అనుకున్నారు పాపం.

ఉదయగిరి_చెక్కగరిటె
ఆ సంగతి తట్టలేదు తమ్ముడూ. దాన్ని తీసేయమని మోడరేటర్ గారికి చెప్తున్నా.

వేదిక_మోడరేటర్
తీసేస్తే దర్శి_వాసి పోస్టుకి అర్థం లేకుండా పోతుంది. రెండూ ఉంచుతున్నా. శానిటైజర్ మీద ఇంక జోకులు వద్దు. పులియబెట్టడం మీద సైన్సు మాట్లాడుకోవచ్చు, ఇంట్లో సారా కాచే పద్ధతులు రాస్తే మాత్రం పోస్టు ఉండదు, అది చట్టరీత్యా నేరం.

కెమిస్ట్రీ_మాస్టారు
దర్శి_వాసి చెప్పిందానికి ఒక్క మాట కలుపుతా. శానిటైజర్లో వాడే ఆల్కహాల్ తాగేదానికి పనికిరాకుండా వేరే మందులు కలుపుతారు, కొన్ని నకిలీ సరుకుల్లో మిథనాలే ఉంటుంది. మిథనాల్ ఒంట్లోకి పోయాక ఫార్మిక్ ఆమ్లంగా మారుతుంది, ముందు కళ్లు పోతాయి, తర్వాత మనిషి. నీళ్లు కలిపినంత మాత్రాన విషం పోదు.

ఆత్మకూరు_అక్క
మీరంతా నెల్లూరు జిల్లాలో కూర్చుని కల్లు సారా అని మాట్లాడుతున్నారు, కలిగిరి మండలంలో దూబగుంట అని ఒక ఊరుంది గుర్తుందా? 1992లో రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకున్న ఆడోళ్లే సారా దుకాణం మూయించారు. అక్కడినుంచి జిల్లా అంతా పాకి సారా వేలంపాటలు జరగనివ్వలేదు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా ఆగింది, 1995 జనవరిలో మొత్తం మద్యమే ఆగింది. మా అమ్మ ఆ రోజుల్లో చీపురు పట్టుకుని రోడ్డు మీద కూర్చుంది. మీ డ్రమ్ము ఎయిర్‌పోర్టులో ఉంది కాబట్టి బతికింది, ఆత్మకూరు బస్టాండులో ఉంటే రెండో రోజుకి బోర్లా పడి ఉండేది.

గూడూరు_నిమ్మ
అక్కా, ఆ మద్యనిషేధం 1997లో ఎత్తేశారు గదా.

ఆత్మకూరు_అక్క
ఎత్తేసింది వేలంపాట లేక ఖజానా ఖాళీ అయినోళ్లు, ఆడోళ్లు కాదు. చీపురు ఇంకా మా ఇంట్లోనే ఉంది నిమ్మా.

గూడూరు_నిమ్మ
🙏 నేను నిమ్మరసం మాత్రమే తాగుతా అక్కా.

ముత్తుకూరు_రొయ్య
డ్రమ్ము దగ్గరికే వద్దాం. సీలు తీయని బాటిళ్లు కూడా పారేయడం ఎందుకు? బయట ఆటోవాళ్లకి ఇవ్వొచ్చు గదా. ఎండలో నిలబడుంటారు.

టెక్సాస్_నెల్లూరోడు
లోపల ఏముందో తెలియదనే గదా అన్నా తీసుకుంది. తెలియని సరుకు ఆటోవాడికి ఎట్టా ఇస్తారు?

ముత్తుకూరు_రొయ్య
అట్టాగైతే, బాంబేమో అని అనుమానం ఉన్న సరుకుని వందమంది నిలబడే లైను పక్కనే ఒకే డ్రమ్ములో కలిపి పోయిస్తారా? నిజంగా అనుమానం ఉంటే ఎవడన్నా ఆ పని చేస్తాడా? వాళ్లకీ తెలుసు అది షర్బతే అని. రూలు గాబట్టి పారేయిస్తారు, అంతే.

ఒంగోలు_గిత్త
రొయ్యన్నకి నా ఓటు. ఈ పాయింటుకి ఇంతవరకూ ఎవరూ జవాబు చెప్పలేదు.

టెక్సాస్_నెల్లూరోడు
నేను చెప్తా. పదివేల మందిలో షర్బత్ ఎవరిదో మందు ఎవరిదో ఒక్కో సీసా మూత తీసి చూసే టైము లేదు. అందరూ పారేయాలంటే ఎవడూ తేడు, తెచ్చే ఆలోచనే చేయడు. ఆ రూలు పనిచేసేది భయంతో, డ్రమ్ముతో కాదు. అయినా ఇప్పుడు మారుతోంది, ఆసుపత్రిలో సీటీ స్కాన్ ఉంటుంది గదా, అట్టాంటిదే బ్యాగులకి వచ్చింది. సీసాని అన్ని వైపులనుంచీ చూసి లోపలి ద్రవం సాంద్రత పట్టేస్తుంది. 2025లో ఎడిన్‌బరో, బర్మింగ్‌హామ్ ఎయిర్‌పోర్టులు రెండు లీటర్ల సీసా దాకా వదలడం మొదలుపెట్టాయి. కావలి తమ్ముడు అక్కణ్ణించి ఎక్కుంటే పాకం దక్కేది.

కావలి_కుర్రోడు
కావలి నుంచి బర్మింగ్‌హామ్‌కి బస్సుందా అన్నా?

టెక్సాస్_నెల్లూరోడు
అక్కడ ఎక్కినా మధ్యలో మారే ఎయిర్‌పోర్టులో పాత మిషను ఉంటే మళ్లీ పారేయాల్సిందే, అది కూడా చూసుకో. డ్యూటీ ఫ్రీలో కొన్న సీసాలకీ అదే కథ, వాళ్లు వేసిచ్చే సీలు కవరు దారిలో చింపావంటే సీసా వాళ్లది.

సీతారామపురం_చిన్నోడు
కొత్తగా చేరా. వచ్చే నెల అట్లాంటా పోతున్నా, మాస్టర్స్‌కి. మా ఇంట్లో చేపల పులుసు డబ్బాలో పెట్టి ఇస్తామంటున్నారు. చేతి బ్యాగులో పెట్టొచ్చా? ముక్కలు గట్టివే గదా?

ముత్తుకూరు_రొయ్య
ముక్కలు నీవి, పులుసు డ్రమ్ముది.

గూడూరు_నిమ్మ
మాస్టారూ, డ్రమ్ములో చేపల పులుసు కూడా పడితే కల్లు ఏమవుద్ది?

కెమిస్ట్రీ_మాస్టారు
ఊరు ఖాళీ అవుద్ది.

ఆత్మకూరు_అక్క
చిన్నోడా, వీళ్ల మాటలు వినమాక. పులుసు, ఊరగాయ నూనె, నెయ్యి, తేనె, పెరుగు అన్నీ ద్రవాల లెక్కే, చేతి బ్యాగులో వద్దు. చేపల పులుసు రెండు రోజుల ప్రయాణానికి ఆగదు, ఆ డబ్బా బదులు చింతపండు పులుసు ముద్ద గట్టిగా ఉడికించి తీసుకుపో, చేప అక్కడ కొనుక్కో. ఊరగాయకి నూనె పైకి తేలకుండా గిన్నెలోకి వంచేసి, మూత మీద టేపు వేసి, రెండు కవర్లలో కట్టి బట్టల మధ్యలో పెట్టు. తెల్ల చొక్కాల పక్కన పెట్టమాక.

టెక్సాస్_నెల్లూరోడు
ఇంకో రెండు. కారప్పొడులు, సున్నిపిండి కూడా చేతి బ్యాగులో వద్దు, అమెరికా పోయే ఫ్లైట్లకి 2018 నుంచీ 350 ఎంఎల్ డబ్బాకి మించిన పొడుల్ని ఆపుతున్నారు. ఎండు కొబ్బరి చిప్పలు సూట్‌కేసులో కూడా వద్దు. దాన్లో నూనె జాస్తి, దానంతటదే వేడెక్కి అంటుకునే సరుకుల జాబితాలో ఉంది.

పెన్నా_తీరం
కొబ్బరి చిప్ప అంటుకుంటుందా? మా ఊళ్లో గుడి వెనక గోనె సంచుల్లో ఏళ్ల తరబడి ఉంది.

అల్లూరు_తాటిముంజ
కొబ్బరికాయ గుర్తొచ్చింది, 2024లో శబరిమల స్వాముల కోసం ఇరుముడిలో కొబ్బరికాయ చేతి సామానులో తీసుకుపోయేదానికి జనవరి దాకా పర్మిషన్ ఇచ్చారు. మా బావ బస్సులో తడిపిన స్వామికి ఆ సంగతి చెప్పాలని ఉంది, ఇకమీదట విమానంలో పొమ్మని.

సీతారామపురం_చిన్నోడు
థాంక్యూ అక్కా, అన్నా. నీళ్ల బాటిల్ కూడా వద్దా మరి?

ముత్తుకూరు_రొయ్య
ఖాళీ బాటిల్ పట్టుకుపో. సెక్యూరిటీ దాటాక కుళాయి ఉంటుంది, పట్టుకో. లోపల కొంటే ఆ ధరకి బయట బిర్యానీ వస్తుంది.

ఉదయగిరి_చెక్కగరిటె
మాస్టారూ, వేరే డౌటు. ఈ పోస్టులన్నీ చదివి, ఊరికే చూద్దామని ద్రాక్ష రసం పాత జాడీలో పోసి అటక మీద పెట్టా. నిన్న రాత్రి టప్‌మని శబ్దం, మూత కింద పడింది. మా ఆవిడ ఆ జాడీ ఏందని అడుగుతోంది. వాళ్లమ్మగారిది దూబగుంట పక్కనే. ఏం చెప్పమంటారు?

కెమిస్ట్రీ_మాస్టారు
వెనిగర్ అని చెప్పు. మూత పెట్టకుండా పలచటి గుడ్డ కట్టి గాలి తగలనిస్తే కొన్ని వారాలకి ఆ మాట నిజమే అవుద్ది.